సూపరండి మేడం గారూ

మౌత్ ఆర్గాన్ అంత అసహ్యమైన వాద్యం ఇంకోటి లేదు. వీణకి వేళ్ళు తగులుతాయి, తబలాకి అరచెయ్యి తగులుతుంది. దీనికి నోరు తగలాలి. పోనీ ఊదడంతో సరిపోతుందా అంటే సరిపోదు, పీల్చాలి కూడా. అంటే నిన్నటి ఎంగిలిని ఇవాళ నేనే లోపలికి పీల్చుకోవడం. గ్లాసు పెదాలకి తగలకుండా ఎత్తి పోసుకుని నీళ్ళు తాగే ఇంట్లో పుట్టి పెరిగాను. కట్టుకున్న మొగుడు కొరికిన జామకాయ కూడా ఇంతవరకు ముట్టుకోలేదు. అలాంటి నేను యాభై దాటాక, నరసాపురంలో మా ఇంటి వెనక గదిలో, ఫోను గోడకి ఆనించి పెట్టుకుని, ఆ రేకు డబ్బాని నోట్లో దూర్చుకుని కూర్చున్నానంటే, ఎంగిలి కన్నా ఎక్కువ రోత పుట్టించినది నా బతుకులో ఇంకొకటి ఉంది కాబట్టే.

అది మర్యాద. మా వైపు మర్యాదలు చూసి బయటి ఊళ్ళవాళ్ళు తెగ ముచ్చటపడతారు. వాళ్ళు నాలుగు రోజులుండి వెళ్ళిపోతారు కాబట్టి వాళ్ళకి ముచ్చటగానే ఉంటుంది. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. తప్పు లెక్కకి తప్పని ఇంటూ పెట్టడం నా ఉద్యోగం. లెక్క తప్పు చేసిన పిల్లకి 'చాలా బాగుందమ్మా' అని రాసి పంపితే అది దయ కాదు, ద్రోహం.

మా చర్చిలో పాట ఎత్తుకునేది నేను. అంటే, హార్మోనియం వాయించే ఆయన శ్రుతి ఇవ్వగానే పల్లవి మొదట నేనొక్కదాన్నే పాడాలి, తర్వాత జనమంతా అందుకుంటారు. ఈ ఊరికి కోడలిగా వచ్చిన ఏడాది నుంచీ అదే నా పని. ఇంట్లో ఏం జరిగినా, ఒంట్లో ఎలా ఉన్నా, ఆదివారం ఆ పల్లవి ఎత్తుకుంటే నేను నేనుగా ఉండేదాన్ని. రెండేళ్ళ కిందట రాజమండ్రిలో థైరాయిడ్ ఆపరేషన్ చేశారు. గడ్డ పోయింది. మాట తిరిగి వచ్చింది. పాట రాలేదు. కింద స్వరాల్లో ఏదో నెట్టుకొస్తాను గానీ, పైకి వెళ్ళేసరికి గొంతు చీలి గాలి మాత్రమే వస్తుంది.

ఆ సంగతి నాకు తెలుస్తూనే ఉంది. కానీ చుట్టూ ఉన్నవాళ్ళు తెలియనివ్వలేదు. "ఏం తేడా లేదండీ" అంది పక్క వరసలో కూర్చునే ఆవిడ. "ముందుకన్నా తియ్యగా ఉందమ్మా" అన్నారు పాస్టరు అయ్యగారు. మావారినడిగితే పేపర్లోంచి తల ఎత్తకుండా, "నీ గొంతుకేమైంది, లక్షణంగా ఉంది" అన్నారు. ఇంతమంది చెబుతుంటే నా చెవులదే తప్పేమో అనుకుని పాడుతూ పోయాను.

ఒక ఆదివారం పాట మధ్యలో నా మైకు మీద చిన్న లైటు వెలగడం లేదని కనిపెట్టాను. పాడైపోయిందేమో చూడమని మైకుల సంగతి చూసే ఆయనకి ఇచ్చాను. ఆయన మైకు చూడలేదు, నేల చూశాడు. "కొన్నాళ్ళుగా ఆపేసే ఉంచుతున్నామండి. మీకు శ్రమ కదాని" అన్నాడు. శ్రమట! చచ్చిన మైకులో నేను నెలల తరబడి పాడుతుంటే, వెనక కోయిర్ వాళ్ళు గొంతు పెంచి నన్ను కప్పేస్తుంటే, చర్చి చర్చంతా తెలిసి తెలిసి తలలు ఊపింది. ఆ రోజు కూడా ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర నలుగురు చేతులు పట్టుకుని "ఎంత బాగా పాడారండీ" అన్నారు. ఆ చేతులు ఇంటికొచ్చి సబ్బుతో కడుక్కున్నాను. మరుసటి ఆదివారం నుంచి ఆఖరి బెంచీలో కూర్చుని నోరు మూసుకున్నాను.

గొంతు అక్కర్లేకుండా నోట్లోంచి పాట వచ్చే దారి ఏదైనా ఉందా అని ఫోన్లో వెతుకుతుంటే మౌత్ ఆర్గాన్ కనబడింది. నేర్పే మాస్టారు కూడా ఫోన్లోనే దొరికాడు. ముప్పై దాటి ఉండవు, గడ్డం, కళ్ళజోడు. సొంతూరు కోనసీమ, ఉద్యోగం హైదరాబాదులో. శనివారం మధ్యాహ్నాలు వీడియో కాల్లో నేర్పుతాడు. దూరం మనిషి, నన్నెరగడు, మా చర్చి మెట్ల దగ్గర ఎప్పుడూ ఎదురుపడడు. నిజం చెప్పడానికి ఇంతకన్నా తగినవాడు ఎక్కడ దొరుకుతాడు అనుకున్నాను. మొదటి రోజే నా గొంతు కథంతా చెప్పి, "నాకు మర్యాదలు వద్దు. తప్పుంటే తప్పనండి. ఒక్క కీర్తన నిజంగా వాయించగలిగితే చాలు, మళ్ళీ ముందు వరసలో నిలబడతాను. అబద్ధం మీద మాత్రం ఇంకోసారి నిలబడలేను" అన్నాను.

"అలాగేనండి మేడం గారూ. తప్పకుండా చెప్తానండి" అన్నాడు.

ఇక మొదలైంది నా నరకం. పెదాలు ఎలా పెడుతున్నానో కనబడాలి గనక ఫోను మూతికి దగ్గరగా పెట్టాలట. తెర మీద ఆయన మూతి ఒకటి, నా మూతి ఒకటి. ఆయన మీసం కింద తడి మెరుస్తూ ఉండేది. పాట అయ్యాక వాద్యాన్ని తిరగేసి అరచేతికేసి టపటపా కొట్టి ఎంగిలి దులిపేవాడు. దులిపిన ఆ చేత్తోనే గడ్డం నిమురుకునేవాడు. నా సంగతి ఇంకా ఘోరం. మనిషి తన మూతిని తాను అంత దగ్గరగా, అంతసేపు చూసుకోకూడదు. ముడతలు, పై పెదవి మీద నూగు, సున్నా చుట్టిన పెదాల మధ్య నుంచి కారబోతున్న చొంగ. చూసి చూసి అన్నం సహించేది కాదు.

ఒక శనివారం స్టాఫ్ రూములో ఎవరో ఇచ్చిన పూతరేకు తినేసి వచ్చి, నోరు సరిగ్గా పుక్కిలించకుండా క్లాసుకి కూర్చున్నాను. మర్నాడు సాధన చేద్దామని నోటికి ఆనించి గట్టిగా పీల్చాను. నాలుక మీద ఏదో పాకింది. ఉమ్మితే చీమలు! రంధ్రాల నిండా సన్న చీమలు, నా ఎంగిలి తీపికి రాత్రికి రాత్రి కాపురం పెట్టేశాయి. వేపపుల్ల నమిలి, ఉప్పునీళ్ళు పుక్కిలించి, కాఫీ తాగినా నాలుక మీద ఆ కదలిక పోలేదు. ఆ డబ్బా తీసుకెళ్ళి కాలవలో పారేసి ఉంటే బాగుండేది.

పారెయ్యలేదు. ఎందుకంటే ప్రతి శనివారం అవతలి నుంచి ఒక మాట వచ్చేది. "సూపరండి మేడం గారూ!" మొదటి వారమూ సూపరే, నెల తిరిగేసరికి ఎక్సలెంటే. వీధిలో అరుగుల మీద లేసు అల్లుకునే ఆడవాళ్ళు "ఎంత హాయిగా ఉందండీ మీ వాయింపు" అనేవారు. వాళ్ళ మాట నేను లెక్కలోకి తీసుకోలేదు. మావారు నేను వాయించడం మొదలెట్టగానే "పాలు తెస్తా" అని లేచి వెళ్ళేవారు, ఫ్రిజ్ నిండా పాలున్నా సరే. తిరిగి వచ్చి "బాగా వస్తోందే" అనేవారు. దాన్నీ లెక్కలోకి తీసుకోలేదు. మాస్టారి మాటే నమ్మాను. నాకు మర్యాద వద్దని మాట తీసుకున్న ఒకే ఒక్క మనిషి ఆయన. చర్చిలో మళ్ళీ ముందు వరసలో నిలబడినట్టు, శ్రుతి ఇవ్వగానే ఈసారి మౌత్ ఆర్గాన్ మీద పల్లవి ఎత్తుకున్నట్టు ఊహించుకోవడం కూడా మొదలెట్టాను.

అనుమానం ఎక్కడ వచ్చిందంటే, ఒకరోజు కీర్తనలో ఒక లైను మొత్తం మర్చిపోయి దాటేశాను. అయినా సూపరే. మరుసటి వారం మధ్యలో పొలమారి దగ్గాను. వెంటనే "జలుబు చేసిందాండీ?" అన్నాడు. దగ్గు వినబడింది. లైను ఎగిరిపోయిన సంగతి వినబడలేదు. లెక్కల టీచర్ని కదా, ఎక్కడో తేడా కొట్టింది. పరీక్ష పెడదామనుకున్నాను.

ఆ శనివారం వాద్యం నోటికి ఆనించి, ఊపిరి బిగబట్టి, ఊరికే అటూ ఇటూ జరిపాను. బుగ్గలు పొంగించాను. భక్తిగా తల కూడా ఊపాను. ఒక్క గాలి ముక్క కూడా లోపలికి పోనివ్వలేదు. ఆయన తెర మీద కళ్ళు మూసుకుని, తాళం వేస్తూ, చిరునవ్వుతో తల ఆడిస్తున్నాడు. నేను వాద్యం దించగానే కళ్ళు తెరిచి, "ఎక్సలెంటండి! ఆ రెండో లైన్లో పీల్చడం ఇవాళ చాలా స్మూత్‌గా వచ్చిందండి మేడం గారూ" అన్నాడు.

వాద్యాన్ని తీసి పక్కన పెట్టేశాను. చీమలప్పుడు కూడా నాకంత రోత పుట్టలేదు.

"నేను ఊదలేదు" అన్నాను.

"అండీ?"

"ఊదనూ లేదు, పీల్చనూ లేదు. మీరేం విన్నారు?"

ఆయన గడ్డం నిమురుకున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "వినపడలేదండి" అన్నాడు చివరికి.

"ఇవాళేనా?"

"మొదటి నుంచీనండి."

ఫోను మనిషి మాట ఒక్కటే ఉంచి, మిగతాదంతా గోల కింద లెక్కేసి తీసేస్తుందట. ఫ్యాను చప్పుడు, కుక్క అరుపు, మౌత్ ఆర్గాన్, అన్నీ దానికి ఒకటే. మొదట ఒక చిన్న ముక్క వినబడి తర్వాత ఆగిపోతుందట. సెట్టింగు ఒకటి మారిస్తే చాలట. "అందరికీ మొదటి క్లాసులోనే మార్పిస్తానండి" అన్నాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు కళ్ళు మూసుకుని అంత ఇదిగా వాయించేస్తున్నారండి. పెద్దవారు. మధ్యలో ఆపి వినపడట్లేదండీ అంటే బాగోదని ఊరుకున్నానండి. అయ్యాక ఎలా ఉందని అడిగారు. బాగుందండి అనేశాను. బాగుందన్నాక మళ్ళీ వినపడలేదని ఎలా చెప్పమంటారండి? చెప్తే ముందన్నది అబద్ధం అయిపోద్ది కదండీ."

ఆ కుర్రాడి తప్పు కూడా కాదేమో. వాడికి ఉగ్గుపాలతో పట్టినదే ఇది, నాకూ పట్టారు, మా వీధి వీధంతటికీ పట్టారు. నెలల తరబడి నేను నా ఎంగిలి పీల్చుకుంటూ, చీమలు ఉమ్ముకుంటూ, మళ్ళీ ఆపేసిన మైకులోనే పాడాను. ఈసారి డబ్బిచ్చి మరీ.

"ఆ సెట్టింగేదో చెప్పండి" అన్నాను. చెప్పాడు, మార్చాను. "ఇప్పుడు వాయిస్తాను. వినండి. విన్నదే చెప్పండి."

కీర్తన మొదలెట్టాను. మొదటి నుంచి చివరిదాకా వాయించాను. దించి తెర వంక చూశాను. ఆయన తల ఊపడం లేదు.

"బాగోలేదండి" అన్నాడు. అంత మెల్లగా ఆయన మాట్లాడటం ఎప్పుడూ వినలేదు. "రెండేసి హోల్స్ ఒకేసారి మోగుతున్నాయండి. ఏ పాటో నాకు తెలీలేదండి. మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టాలండి. వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేనండి."

నేను అడిగింది అదే. రెండేళ్ళుగా ఒక్కరి నోటి నుంచైనా వినాలని ఎదురుచూసిన మాట అదే. తీరా వచ్చాక చెంప చెళ్ళుమన్నట్టయింది. ఆ క్షణంలో ఒక్క 'సూపరండి' కోసం నా ప్రాణం కొట్టుకుపోయింది. ఎంగిలి, చీమలు, మైకు, ఈ కుర్రాడు, వీటన్నిటికన్నా నాకు ఎక్కువ అసహ్యం వేసింది ఆ ఆశ మీదే.

ఫోను కట్టేశాను. గుమ్మంలో మావారు నిలబడి ఉన్నారు, చేతిలో పాల ప్యాకెట్‌తో. "ఏంటి, అప్పుడే ఆపేశావు? బాగానే వస్తోందిగా" అన్నారు.

"నా గొంతు ఎలా ఉందో చెప్పండి" అన్నాను.

"ఇప్పుడు గొంతు సంగతెందుకు?"

"చెప్పండి. చర్చిలో ముందు బెంచీలోనే కూర్చుని విన్నారు. మైకు ఆపేసినా మీకు వినబడుతుంది. ఎలా ఉంది?"

ఆయన పాల ప్యాకెట్ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. అది పెట్టడానికి చోటు కోసం చూశారు. కనబడక అలాగే వచ్చి మంచం చివర కూర్చున్నారు.

"పోయిందే" అన్నారు.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి ఆదివారం. పల్లవిలోనే." పాల ప్యాకెట్ వంక చూస్తూ అన్నారు. "పొద్దున్నే వంటింట్లో పాడుకునేదానివి. అది లేక నాకు మంచం దిగబుద్ధి కావట్లేదు. ఆ మాట నీతో ఎలా అనను?"

ఆయన్ని దులిపేద్దామనే నోరు తెరిచాను. ఇన్నాళ్ళూ నన్ను వెర్రిదాన్ని చేశారని అరుద్దామనే అనుకున్నాను. కానీ ఆయన పాల ప్యాకెట్ ఒళ్ళో పెట్టుకుని తల వంచుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. నాకు అప్పుడు తట్టింది. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఎవరం ఏడవలేదు. పోలేదు పోలేదని అందరూ అంటుంటే, పోయినదానికి ఏడ్చే వీలు ఎవరికుంటుంది? వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. రెండేళ్ళకి, ఆ శనివారం మధ్యాహ్నం, నా గొంతు కోసం ఇద్దరం ఏడ్చాం.