లాంతరు వెనక పేరు

కంద పేటలో కాగితం లాంతర్ల మీద అక్షరాలు రాసే ఒషిగెకి ఒక జబ్బు ఉండేది. ఎవరేం చెప్పినా "మీకెవరు చెప్పారు?" అని అడిగేది. చేపలవాడు వాన పడుతుందన్నా ఇదే ప్రశ్న. పోయిన మొగుడు ఈ ఆరా భరించలేకే చెవుడు నటించేవాడని పేటలో వేళాకోళం. పని మాత్రం ఆయన దగ్గరే నేర్చింది. వెదురు బద్దల ఎగుడుదిగుళ్ల మీద అక్షరాన్ని నిటారుగా నిలబెట్టడంలో ఆమె చేతికి తిరుగులేదు.

రష్యాతో యుద్ధం వచ్చాక ఆ చేతికి తీరిక లేదు. ఏ కోట పడినా ఊరేగింపే, ఊరేగింపంటే లాంతర్లే. ఏం రాయాలో చీటీ మీద తెచ్చేవాడు నుమాత. పేట సభకు పోటీ చేసే మనిషి, గొంతు పెద్దది. జనవరిలో రష్యావాళ్ల పోర్ట్ ఆర్థర్ కోట పడినప్పుడు రెండు వందలు రాయించాడు. ఒషిగె కొడుకు సేకిచి అప్పటికే మంచూరియా యుద్ధరంగంలో ఉన్నాడు.

సెప్టెంబరులో సంధి కుదిరిందన్న కబురు వచ్చింది. ఇక సేకిచి వచ్చేస్తాడు! ఒషిగె ఎర్ర చిక్కుడు గింజలేసి పండగ అన్నం వండుకుంది. మర్నాడే నుమాత దిగాడు.

"అరవై లాంతర్లు కావాలక్కా. 'సంధి వద్దు, యుద్ధం సాగాలి' అని రాయి."

"మొన్నటిదాకా రష్యావాడి పని అయిపోయిందన్నారుగా?"

"పైసా పరిహారం లేకుండా సంతకం పెట్టేశారు! జనం ఉడికిపోతున్నారు."

"ఉడుకుతున్నారని మీకెవరు చెప్పారు?"

"పత్రికలో రాశారు."

"మరి పత్రికవాళ్లకో?"

నుమాత చీటీ ముందుకు తోశాడు. "నేనే చెప్పాననుకో. ఈ మంత్రుల్ని దింపాలా, వద్దా?"

"వాళ్లు దిగితే మీవాళ్లు ఎక్కుతారా?"

"నీతో నా వల్ల కాదు తల్లీ. రాస్తావా లేదా?"

కాదంటే పేటలో బతకనివ్వరు. రాస్తే, కొడుకుని అక్కడే ఉంచమని తన చేత్తో తానే అడిగినట్టు. ఒషిగెకి ఒళ్లు మండింది. లాంతరుకి ముందు మాట, వెనక ఇంటివారి పేరు రాయడం వాళ్ల ఆనవాయితీ. ఆమె దాన్నే పట్టుకుంది.

"రాస్తాను. వెనక మాత్రం ఆ ఇంటినించి యుద్ధానికి వెళ్లేవాడి పేరు రాస్తాను. మీవాడి పేరేంటి?"

"మావాడికి చదువుందక్కా," అన్నాడు నుమాత, చెప్పులు వెతుక్కుంటూ.

ఒషిగె అరవైకీ ముందు మాట రాసి, కుంచె, సిరా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఏం చెబుతారో వినాలని నిజంగానే సరదా పడింది. సంధిని అందరూ తిట్టారు. పేరు అడిగేసరికి బియ్యం కొట్టాయన కొడుక్కి ఉబ్బసం వచ్చింది, పేట స్నానశాల నడిపే ఆయనకి పని గుర్తొచ్చింది. యాభై తొమ్మిది లాంతర్ల వెనక ఖాళీ.

చివరిది, బట్టలుతికే ఒతాకి ఇల్లు. ఆమె ఒక్కగానొక్క కొడుకు షింపేయి పోర్ట్ ఆర్థర్ దగ్గర చనిపోయాడు.

"షింపేయి అని రాయి వదినా."

"వాడు... లేడు కదమ్మా."

"అందుకే. ఉత్త చేతులతో ఆపేస్తే నా బిడ్డ దేనికి పోయినట్టు? వాడి రక్తం వృథా పోకూడదు."

అలవాటు ఊరుకోలేదు. "ఆ మాట నీకెవరు చెప్పారు?"

ఒతాకి వింతగా చూసింది. లోపలికెళ్లి, మడిచి దాచుకున్న జనవరి ఊరేగింపు లాంతరు తెచ్చి సాగదీసింది. 'మీ రక్తం వృథా పోదు.' ఒక్క గీత కూడా వంకర లేదు.

"నువ్వే కదా వదినా. కూడబలుక్కుని రోజూ చదువుకుంటాను."

ఆ మాట చీటీ మీద తెచ్చింది నుమాత అని చెప్పొచ్చు. కానీ రాసింది తనే. గుమ్మంలో కూర్చుని షింపేయి పేరు రాసింది. గీత వణికింది.

నుమాత ఆ లాంతరునే ఊరేగింపులో అన్నిటికన్నా ముందు పట్టించాడు.

సంధి నిలిచింది. చలికాలంలో సేకిచి ఇల్లు చేరాడు. ఊరేగింపు లాంతర్లు ఎందుకు మానేశావని వాడడిగితే, చెయ్యి వణుకుతోందిరా అంది. ఎదురుగా ఆమె అప్పుడే రాసిన నూడుల్స్ కొట్టు లాంతరు తడి ఆరుతోంది, దానిమీద అక్షరాలు నిటారుగా ఉన్నాయి. సేకిచి అది చూశాడు గానీ మళ్లీ అడగలేదు.