రాజుగారింటి పెళ్లిలో మతలబు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ మొత్తమ్మీద బంగార్రాజు మావయ్యంత అనుమానం మనిషి ఇంకొకరు లేరు. ఇది నేను కల్పించి అంటున్న మాట కాదు. ఆయనే ఒప్పుకుంటాడు. ఒప్పుకున్నాక, "ఒరే వేణూ, నాసేత ఇదెందుకు ఒప్పించావు? ఏటి దీని మతలబు?" అని నావంక అదోలా చూస్తాడు.

ఆయన ఉద్యోగమూ అలాంటిదే. ముప్ఫై నాలుగేళ్లుగా క్యారేజీ డిపార్టుమెంటులో ఎగ్జామినరు. బండి వచ్చి ఆగితే చక్రాల్ని సుత్తితో కొట్టి, మోత విని, ఎక్కడైనా పగులుందేమో చెప్పాలి. ఖంగుమంటే బండి కదులుతుంది, బొంగురుపోతే ఆగిపోతుంది. డ్యూటీ దిగాక సుత్తిని షెడ్డులో పెట్టేసేవాడు గానీ, అనుమానాన్ని మాత్రం ఇంటికి తెచ్చుకునేవాడు.

సుత్తి లేకపోతేనేం, వేలి కణుపులున్నాయి. పుచ్చకాయ కొనేటప్పుడు కొట్టి చూడటం అందరూ చేసేదే. ఈయన కోశాక కూడా కొడతాడు. ఓసారి మా అమ్మ వేడివేడి గారెలు పెడితే, ఒకటి తీసి పళ్లెం అంచు మీద టకటకా కొట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"శాంతమ్మా, ఇది బాగా వేగినట్టున్నాది."

"అవునన్నయ్యా."

"ఇంత బాగా ఎందుకు వేగింది?"

అమ్మ పళ్లెం లాక్కుంది.

ఎదురింటివాళ్లం కాబట్టి మాకివన్నీ అలవాటే. ఆయన పక్క క్వార్టరు రాజేంద్రగారిది. రెండిళ్లకీ మధ్య ఒక్కటే గోడ. ఇద్దరూ ఒకేరోజు రైల్వేలో చేరారు, పిలుచుకోవడం ఒరే అంటే ఒరే అని. రాజేంద్రగారికి ఒక్కతే కూతురు ప్రసూన. కిందటేడు పరీక్ష రాసి తనూ రైల్వేలోనే చేరింది. కర్గీ రోడ్ స్టేషన్లో టికెట్లిచ్చే డ్యూటీ. పొద్దున్నే బండెక్కి వెళ్లి, డ్యూటీ చేసుకుని మళ్లీ బండెక్కి వచ్చేస్తుంది.

ఆ పిల్లకి ఊళ్లోనే రాజ్‌కిశోర్ నగర్ నించి సంబంధం కుదిరింది. వాళ్లదీ మాలాగే శ్రీకాకుళం వైపే. అబ్బాయికి బ్యాంకు ఉద్యోగం. మే నెలలో ఓ శనివారం ముహూర్తం పెట్టుకున్నారు. శుభలేఖలు అచ్చుకెళ్లాయి. ఏదో మాట్లాడాల్సి వచ్చి రాజేంద్రగారు వియ్యాలవారింటికి వెళ్తూ, పెద్దమనిషి తోడుగా ఉంటాడని మావయ్యని వెంటబెట్టుకెళ్లారు.

మావయ్య వెళ్తూనే వాళ్ల వరండా స్తంభం కొట్టి చూశాడు. గోడ కొట్టి చూశాడు. అబ్బాయి తండ్రి నవ్వి ఊరుకున్నాడు. తర్వాత మావయ్య అబ్బాయి ఐడీ కార్డు అడిగి తీసుకుని, ఎండకేసి ఎత్తి పట్టుకున్నాడు.

"ఫొటోలో జుట్టు ఎక్కువున్నాది. మిగతాది ఏటయ్యింది?"

అబ్బాయి తల తడుముకున్నాడు. అప్పటికీ ఎవరూ ఏమీ అనలేదు. చివరికి అబ్బాయి తల్లి కాఫీ తెచ్చిస్తే, గ్లాసు అందుకుని వాసన చూసి, మళ్లీ ఆవిడ చేతిలోనే పెట్టి అన్నాడు:

"ముందు మీరో గుక్క తాగండమ్మా. మీకేటీ కాకపోతే అప్పుడు నేను తాగుతాను."

ఆ సాయంత్రమే ఫోనొచ్చింది. సంబంధం వద్దన్నారు.

రాజేంద్రగారు మావయ్యతో మాటలు మానేశారు. కాలనీలో ఆయన్ని తిట్టనివాళ్లు లేరు. కనకం అత్త, అంటే మావయ్య భార్య, కట్టుకున్న మొగుడని కూడా చూడకుండా అందరికంటే ఎక్కువ తిట్టింది. ఆయన మాత్రం ఎవరేమన్నా ఒకటే మాట. "నాకు అనుమానమొచ్చింది. అడిగాను."

ఇది జరిగిన మూడు వారాలకి వచ్చింది విలాయతీ పెళ్లి. అక్కడి రాజకుటుంబంలో ఓ రాకుమారుడికి పెళ్లట. శనివారం సాయంత్రం నాలుగున్నరకి లైవ్ అని వారం ముందునించీ టీవీలో ఒకటే ఊదర. ఎవరి ఫోన్లో వాళ్లు చూసుకోవచ్చు, కాదనను. కానీ పెళ్లన్నాక నలుగురూ కూర్చుని, నగల గురించి మాట్లాడుకుంటూ చూడాలి కదా. మా వరసలో పెద్ద టీవీ మావయ్య ఇంట్లోనే ఉంది. పెద్ద కూలరూ అక్కడే ఉంది. మే నెలలో బిలాస్‌పూర్ ఎండ సంగతి తెలిసినవాళ్లకి టీవీ కంటే కూలరే ముఖ్యమని వేరే చెప్పక్కర్లేదు. ఆడవాళ్లంతా అక్కడే చూడాలని నిర్ణయించేసుకుని, తర్వాత ఆయనకి చెప్పారు.

"వీల్లేదు," అన్నాడు మావయ్య.

"ఏటండీ ఎందుకు వీల్లేదు?" అంది అత్త.

"ముక్కూ మొహం తెలీనోడు తన పెళ్లి మనకెందుకు సూపిస్తన్నాడు? ఏటి దీని మతలబు?"

"లోకమంతా చూస్తోంది. మనొక్కళ్లకేనా?"

"అందుకే మరీ అనుమానం. ఒక్కడికి సూపిస్తే ప్రేమనుకోవచ్చు. అందరికీ సూపిస్తే ఏటో ఉన్నాది."

నేను సర్దిచెప్పబోయాను. "లైవ్ మావయ్యా. అక్కడ జరుగుతూ ఉండగానే ఇక్కడ మనం చూస్తాం."

"అచ్ఛా. అక్కడెన్ని గంటలకి?"

"మధ్యాహ్నం పన్నెండుకి."

"ఇక్కడ?"

"నాలుగున్నరకి."

"సూశావా! ఒకటే పెళ్లికి రెండు టైములు. రెండు గడియారాలు రెండు టైములు సూపిస్తే ఒకటి తప్పని ఏ గార్డునడిగినా సెప్తాడు." నా మొహం చూసి ఇంకాస్త రెచ్చిపోయాడు. "పైగా అన్ని కార్లున్న రాజు గుర్రబ్బండెక్కి ఊరేగడం దేనికి? ఆ బండి సక్రాలు ఎవడు సూశాడు?"

శుక్రవారం నించి టీవీ రిమోట్ కనపడలేదు. శనివారం మధ్యాహ్నం టీవీ మీద దుప్పటి కప్పేసి ఉంది. నాలుగింటికి ఆడవాళ్లంతా పట్టుచీరలు కట్టుకుని మరీ వచ్చారు. వాళ్లతో నేనూ వెళ్లాను. మావయ్య టీవీకి వీపానించి, కుర్చీలో కాపలా కూర్చుని ఉన్నాడు.

కనకం అత్త నాలుగు పళ్లేల పకోడీలు వేయించి ఉంది. ఆ వేడంతా గొంతులోకి వచ్చింది.

"పక్కింటి పిల్ల పెళ్లి చెడగొట్టారు. సరే. సముద్రాలవతల జరుగుతున్న పెళ్లి కూడా మీకు గిట్టలేదేటి?"

మా అమ్మ లెక్క వేసుకున్నట్టు వేళ్లు ముడిచి, "అవునూ, ప్రసూన ముహూర్తం కూడా ఇవాళే కదూ?" అంది.

"అయ్యో, ఇవాళే! ఈపాటికి తలంబ్రాలైపోయి ఉండేవి," అంది ఇంకొకావిడ.

"పాపం, ఆ పిల్ల రాత..."

"నెమ్మదిగా!" అన్నాడు మావయ్య. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. గొంతు తగ్గించి, మా ఇళ్లల్లో ఎన్నడూ వినని బతిమాలే గొంతుతో అన్నాడు: "గోడవతలకి వినిపిస్తాది. ఈ కబుర్లకే గదా నేను వద్దన్నది! పెళ్లి పెడితే మీరు ఊరుకుంటారేటి? నగ కనిపిస్తే ఆ ప్రసూన గుంట పేరెత్తుతారు, ఉంగరం తొడిగితే ఆ గుంట పేరెత్తుతారు. అదంతా ఆ గుంట అటేపు కూర్సుని వినాలేటి?"

"విన్నాను మావయ్యా," అంది గుమ్మంలోంచి ప్రసూన.

డ్యూటీ నించి అప్పుడే వచ్చినట్టుంది. భుజాన బ్యాగు అలాగే ఉంది. లోపలికొచ్చి అందరి మధ్యా నిలబడింది.

"బస్. ఇంక నావల్ల కాదు. నేను చెప్పేస్తాను."

"ఏటీ సెప్పక్కర్లేదు. ఎల్లి మొహం కడుక్కో," అన్నాడు మావయ్య, తొందరగా.

ప్రసూన ఆయన మాట వినలేదు. "పెళ్లయ్యాక ఉద్యోగం మానెయ్యాలన్నారు వాళ్లు. నాన్న సరేనని మాటిచ్చేశారు. రెండేళ్లు కూర్చుని చదివి తెచ్చుకున్న ఉద్యోగం అది. నాన్నకి ఎదురుచెప్పే ధైర్యం లేక, వెళ్లి మావయ్య దగ్గర ఏడ్చాను. 'నువ్వు కాదన్నావంటే మీ నాన్న నలుగుర్లో తలెత్తుకోలేడు. నేను పాడుసేశాననుకో, నన్ను తిట్టి ఊరుకుంటారు. నాకు అలవాటే,' అన్నాడు."

కనకం అత్త చేతిలోని పకోడీల పళ్లెం కింద పెట్టేసి ఆయనకేసి తిరిగింది.

"అయితే... ఆ కాఫీ మీద మీకు అనుమానం లేదా?"

మావయ్య తల దించుకున్నాడు. "వాసనకే తెలిసిందే, ఎంత బాగుందో. ఏటి సెయ్యను? గోడలు కొట్టాను, గుంటడి జుట్టు గురించి అడిగాను. ఎంత మంచోళ్లో తెలుసా? దేనికీ కోపం రాదు వాళ్లకి! కాఫీ తప్ప ఇంకేటీ దొరకలేదు. ఆ పెద్దావిడ మొహం తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు." కాస్త ఆగి, "పోన్లే. ఆ గుంటడికి రాయగఢ్‌లో వేరే సంబంధం కుదిరిందట. కనుక్కున్నాను," అన్నాడు.

అప్పుడు చూశాం, గుమ్మంలో రాజేంద్రగారు ఉన్నారు. పల్చటి గోడ కదా, అటువైపు నించి ఆయనా అంతా విన్నట్టున్నారు. మా అమ్మ కొంగు సర్దుకుని పక్కకి జరిగింది. ఆయన కూతురికేసి చూశారు.

"నాతో చెప్పకూడదామ్మా?"

"నువ్వు మాటిచ్చేశావు కదా నాన్నా."

ఆయన నెమ్మదిగా వచ్చి, టీవీకి ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చున్నారు. మూడు వారాల తర్వాత ఆయన మావయ్యతో అన్న మొదటి మాట ఇది:

"కొంచెం జరుగు. టీవీకి అడ్డంగా ఉన్నావు."

"రిమోట్ ఎక్కడ మావయ్యా?" అంది ప్రసూన, కళ్లు తుడుచుకుంటూ. "ఆ పెళ్లికూతురి గౌను చూడాలి నేను."

మావయ్య వెళ్లి బియ్యం డబ్బాలోంచి రిమోట్ తీసుకొచ్చాడు. దుప్పటి తీశారు. అప్పటికే పెళ్లికూతురు నడిచి వస్తోంది. వెనకాల గౌను ఎంత పొడుగుందంటే, మనిషి టీవీ దాటి వెళ్లిపోయాక కూడా గౌను వస్తూనే ఉంది. ఆడవాళ్లంతా ఒక్కసారి ఓలమ్మా అన్నారు.

కాసేపయ్యాక రాజేంద్రగారు, చూపు టీవీ మీంచి తిప్పకుండానే, "ఏరా, ఈ సంబంధం ఎలాటిదంటావు?" అని అడిగారు.

అందరం మావయ్య వైపు తిరిగాం. ఇంక మొదలుపెడతాడనుకున్నాం. ఆయన ముందుకి వంగి, కళ్లజోడు సర్దుకుని, చాలాసేపు చూశాడు. పెళ్లికొడుకు వచ్చినప్పుడు కాదు, పెళ్లికూతురి మొహం పెద్దగా చూపించినప్పుడు.

"మంచిదేరా," అన్నాడు. "ఆ గుంట మొహం సూడు. ఇష్టపడే సేసుకుంటన్నాది."

రాజేంద్రగారు తల ఊపారు. తర్వాత బెంచీ మీద పక్కకి జరిగి, చేత్తో చోటు చూపించి, "ప్రసూనా, ఇలా వచ్చి కూర్చో. అక్కడికి కూలర్ గాలి రాదు," అన్నారు.