అడ్డపొగ ఊళ్ళో రెండు రోజులు

నా మొదటి ఉద్యోగం టెక్కలిలో, ఒక చిన్న ఆసుపత్రిలో పళ్ళ డాక్టరుగా. రెండేళ్ళు చేశాక పై చదువుకు సీటు వచ్చి విశాఖ వెళ్ళిపోయాను. ఆ తర్వాత పాతికేళ్ళకు పైగా దంతవైద్యం పాఠాలు చెప్పి, మొన్న వేసవిలో రిటైరయ్యాను. ఉద్దానం తీరంలో ఆశా కార్యకర్తగా పనిచేసే దమయంతి నా నంబరు ఎలాగో సంపాదించి ఫోన్ చేసింది.

"మా ఊళ్ళో ముసిలోళ్ళకి పళ్ళు సూసీవోళ్ళు లేరు మేడం. పట్నం దాకా ఎల్లలేరు. ఓ పూట వొచ్చి సూడండి" అంది.

బుధవారం ఉదయం ఆరింటికి విశాఖలో ప్యాసింజరు ఎక్కాను. శ్రీకాకుళం రోడ్డులో ఇడ్లీ పొట్లం కొనుక్కున్నాను. అక్కడే ఎక్కిన ఒకామె ఎదుటి సీట్లో కూర్చుంది. పలాసలో జీడిపిక్కలు కొట్టే పనట. వేళ్ళు నల్లగా మాడినట్టున్నాయి. ఎడమ చెంప వాచి ఉంది, బుగ్గన లవంగం పెట్టుకుంది. పన్ను చూపించుకోలేదా అని అడిగాను.

"ఒక్క రోజు మానేత్తే కూలి పోద్ది గదమ్మా. నొప్పంటారా, అదే తగ్గుద్ది" అంది. నొప్పి తగ్గినా చీము తగ్గదని చెప్పి, రేపు మేం చూసే చోటు కాగితం మీద రాసిచ్చాను. మడిచి రవికలో దోపుకుంది గానీ, మర్నాడు రాలేదు.

నౌపడలో దిగి ఆటోలో టెక్కలి చేరేసరికి పదిన్నర. నేను పనిచేసిన చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఎదుటి అరుగు మాత్రం అలాగే ఉంది. చేపలమ్ముకున్న ఆడవాళ్ళు ఖాళీ తట్టలు బోర్లించి ఆ అరుగు మీద కూర్చునేవారు. బస్సొచ్చేలోగా పన్ను పీకెయ్యమని తొందరపెట్టేవారు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకునేవారు. దాన్నే అడ్డపొగ అంటారు. గాలికి ఆరకుండా ఉండడానికి మొదలైందట, తర్వాత అలవాటైపోయింది. వాళ్ళు మాట్లాడితే మాటతోపాటు పొగ వచ్చేది. నేను కసిరితే నవ్వేవారు. ఆ నవ్వులు వినిపిస్తాయేమోనన్నట్టు కాసేపు అక్కడే నిలబడ్డాను.

వాళ్ళలో కన్నమ్మ ఒకతె. అంగిలి మీద తెల్లటి మచ్చ, మధ్యలో చిన్న పుండు. నాకప్పుడు అనుభవం తక్కువ. పూత మందిచ్చి, చుట్ట మానేసి నెల తర్వాత రమ్మన్నాను. రెండేళ్ళ తర్వాత ఆమె నోటి క్యాన్సర్‌తో పోయిందని తెలిసింది. ప్రతి ఏడూ విద్యార్థులకు ఈ సంగతి చెప్పేదాన్ని. "రోగి తిరిగి రాలేదు" అని ముగించేదాన్ని.

హోటల్లో భోంచేసి ఒకటిన్నరకు బస్సెక్కాను. నందిగాం దాటాక జీడితోటలు మొదలయ్యాయి. పలాసలో లాడ్జి గది దొరికింది. కిటికీ తెరిస్తే జీడిపిక్కలు కాల్చే ఘాటు వాసన. ఒకప్పుడు ఆ వాసనకి తలనొప్పి వచ్చేది. ఈసారి కిటికీ మూయబుద్ధి కాలేదు.

గురువారం ఏడింటి బస్సుకు వజ్రపుకొత్తూరు, అక్కణ్ణించి ఆటోలో సముద్రం ఒడ్డున దమయంతి ఊరు. తుఫాను షెల్టరులో రెండు బల్లలు వేసి ఉంచింది. ఎనిమిదిన్నరకు మొదలుపెట్టాం. మంచం దిగలేని ఇద్దరిని వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి చూశాను. కిడ్నీ జబ్బుతో డయాలసిస్ చేయించుకునే ఒకాయన, నిన్ననే చేయించుకున్నానని కాగితాలు చూపించాడు. రక్తం ఆగుతుందని వాటిలో చూసుకుని, ఊగుతున్న పన్ను తీశాను.

పన్నెండు దాటాక, అంతవరకూ గోడవార కూర్చున్న ముసలమ్మ లేచి వచ్చింది. పేరు పోలమ్మ.

"నన్ను గురుతు పట్నేదా డాట్రమ్మా? కన్నమ్మ సెల్లిని" అంది.

నోరు తెరిచింది. టార్చి వేశాను. అదే చోట, అలాంటిదే మచ్చ. అంచున ఎర్రగా పుండు. టార్చి ఆర్పగానే ఆమె నోరు మూసి నావైపు చూసింది.

"మా అప్పకి నెల్లాళ్ళాగి రమ్మన్నావు. నాకలా సెప్పకు" అంది.

"ఆమె మళ్ళీ రాలేదు కదా పోలమ్మా" అన్నాను.

"ఎందుకు రానేదు? నెల తిరిగీసరికి నానే తీసుకొచ్చినాను. నువ్వే నేవు. పెద్ద సదువుకెల్లిపోనావన్నారు. వొత్తావేమోనని రెండు పాలీలు వొచ్చి, ఆ అరుగు మీద కూకుని ఎల్లిపోనాం."

కోపం లేకుండా చెప్పింది. ఇన్నేళ్ళూ నేను చెప్పిన పాఠంలో తిరిగి రాని మనిషి కన్నమ్మ. టెక్కలి వదిలి వెళ్ళేటప్పుడు ఆమె పేరు కనీసం ఒక చీటీ మీద రాసి ఎవరికీ ఇవ్వలేదు నేను.

"ఈరోజే నాతో విశాఖ రా. చిన్న ముక్క తీసి పరీక్ష చేయిస్తాను. ఫలితం వచ్చేదాకా మా ఇంట్లో ఉందువుగాని" అన్నాను.

పోలమ్మ కోడలివైపు చూసింది. కోడలు ఇంటికి పరుగెత్తి, సంచిలో రెండు చీరలు పెట్టుకొచ్చింది.

"నానూ వొత్తాను డాట్రమ్మా. అత్త కొత్తసోట తిండి తినదు" అంది.

దమయంతి ఇంట్లో నెత్తళ్ళ చేపల పులుసుతో అన్నం తిని, నాలుగింటికి పూండిలో ముగ్గురం రైలెక్కాం.

పరీక్ష ఫలితం పది రోజులకు వచ్చింది. క్యాన్సర్ మొదటి దశలోనే ఉంది. ఆపరేషన్ చేసి ఆ భాగం తీసేశారు. పోలమ్మ ఇప్పుడు మెత్తటి అన్నం తింటోంది, మాట కాస్త ముక్కుతో వస్తోంది. చుట్ట మానేసింది. మూడు నెలలకోసారి నేనే వెళ్ళి చూస్తున్నాను.

ఆ సాయంత్రం రైల్లో మాత్రం అవేవీ మాకు తెలియవు. పోలమ్మ కిటికీ పక్కన కూర్చుని, వచ్చిన ప్రతి ఊరినీ వేలితో చూపించింది. ఇక్కడ చేపలన్నీ అమ్ముడైపోతే అప్ప జీళ్ళు కొనిపెట్టేదంది. అక్కడ వానలో తట్ట నెత్తిన బోర్లించుకుని ఇద్దరూ పాడుకుంటూ నడిచారంది. అప్పకి కుక్కలంటే భయమట, పెద్దకళ్ళ చేపంటే ప్రాణమట, బేరంలో ఎవరికీ లొంగేది కాదట. కోడలు కూడా ఇవన్నీ మొదటిసారి వింటున్నట్టుంది.

ముప్పై ఏళ్ళుగా నాకు కన్నమ్మ అంగిలి ఒక్కటే తెలుసు. శ్రీకాకుళం రోడ్డు వచ్చేసరికి ఆమె ఎలా నవ్వేదో కూడా గుర్తొచ్చింది.