బయటి గడియ

దయ్యాలంటే నాకు ఒళ్ళుమంట. శవాల గది పక్కనే కూర్చుని అన్నం తిన్నదాన్ని, నమ్మమంటే ఎలా నమ్ముతాను? ఇది మాత్రం నా కళ్ళముందే జరిగింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సిరొంచ వైపు ఒక చిన్న సర్కారు దవాఖానాలో నర్సుని. తెల్లదొరల కాలంనాటి కట్టడం. డాక్టరు గది తలుపుకి బయటివైపు కూడా ఒక ఇనుప గడియ ఉండేది. అప్పట్లో డాక్టరు దొర తాగి డ్యూటీకి వస్తే, రోగుల జోలికి పోకుండా ముసలి కాంపౌండరు ఆ గడియ పెట్టేవాడని ఊళ్ళోవాళ్ళు చెప్పేవారు. రంగు మీద రంగు పడి అది ఎప్పుడో బిగుసుకుపోయింది.

మా డాక్టరుదీ అదే రోగం. మంచివాడే, చుక్క పడితే మాత్రం మనిషి కాదు. నిమ్మరసం తాగించి, కుర్చీలో కూలేసి, వచ్చినవాళ్ళకి "సాబ్ మీటింగుల ఉన్నడు" అని చెప్పేవాళ్ళం.

ఆ రోజు పొద్దుటినుంచీ ముసురు. రేగుంట నుంచి ఒకామె నొప్పులు పడుతున్న కోడలిని తీసుకొచ్చింది. వాగు పొంగి అహేరి పెద్దాసుపత్రికి దారి లేదు.

"కాపాడు బిడ్డా, నీ కాళ్ళు మొక్కుత," అని ఒకటే ఏడుపు.

బిడ్డ కాళ్ళు ముందొచ్చాయి. నా రెండు చేతులూ అక్కడే. అంతలో ఎదురుగా తన గదిలో తాగి పడున్న డాక్టరు కత్తెర పట్టుకుని ఊగుతూ లేచాడు.

"జరుగు సిస్టర్, నేను కోసి తీస్త!"

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆ చేతులు పడితే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు. చెయ్యి వదిలి ఆయన్ని ఆపలేను.

ఆయన గడప దాటేలోపే తలుపు ధడేలున మూసుకుంది. గాలే అనుకుందాం. గడియ కూడా గాలే పెట్టిందా? అత్త నా పక్కనే ఉంది. వరండాలో నరమానవుడు లేడు.

బిడ్డ ఏడ్చింది, తల్లీ దక్కింది. నేనూ ఏడ్చాను.

తర్వాత చూస్తే గడియ నిండా దిగి ఉంది, కింద రంగు పెచ్చులు. సుత్తితో కొడితే గానీ రాలేదు. లోపల డాక్టరు మత్తంతా దిగిపోయి తలుపుకేసే చూస్తున్నాడు. నా మీద విరుచుకుపడతాడనుకున్నాను.

"గడియ పెట్టి మంచిగనే చేసినవ్ సిస్టర్. గని తలుపవతల ఏడ్చిన ముసలాయన ఎవరు? 'జర ఈడనే ఉండుండ్రి దొరా, మొన్న గిట్లనే ఒకామె సచ్చిపోయింది' అని బతిమాలిండు."

నేను ఏ ముసలాయన గొంతూ వినలేదు. ఎంత ఆలోచించినా ఇప్పటికీ అంతుపట్టదు.

డాక్టరు తాగుడు మానలేదు. తాగిన రోజు మాత్రం తనే ఆ గదిలోకి పోయి, "గడియ పెట్టు సిస్టర్," అనేవాడు.

పెట్టేదాన్ని.