ముందు వరుసలోంచి అరిచాను

మా మామగారు చిక్కడపల్లిలో పిల్లలతో నాటకాలు వేయిస్తారు. కిందటేడు మా అమ్మాయి సాహితికి మొదటిసారి పెద్ద వేషం దొరికింది. తండ్రి పోయాడన్న కబురు విన్న కూతురి వేషం. బస్తీవాళ్లంతా చూడ్డానికొచ్చారు.

కబురు వినగానే సాహితి మాట్లాడకుండా నిలబడిపోయింది. మరిచిపోయిందనుకుని కంగారుగా లేచి, "నాన్నా, నన్ను విడిచి పోయినవా! అను బిడ్డా!" అని అరిచాను.

హాలంతా ఘొల్లుమంది. నవ్వులు ఆగేదాకా సాహితి కదల్లేదు. తర్వాత మాట చెప్పింది గానీ, ఎవరికీ కన్నీళ్లు రాలేదు.

తెర పడ్డాక, "మరిచిపోయినవనుకున్న బిడ్డా" అన్నాను.

"మర్చిపోలేదమ్మా. అందరికీ ఏడుపొచ్చేదాక తాత ఆగమన్నడు" అంది.

సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఇంట్లో రోజూ దానిచేత మాటలన్నీ వల్లె వేయించింది నేనే. ఎక్కడ ఆగాలో మాత్రం ఒక్కసారీ అడగలేదు.