కత్తిరి ఎండలో లైటు అద్దం మీద ఆవిరి

దయ్యాలనే మాట వింటే నాకు నవ్వొచ్చేది. మా బంగారుపాళ్యంలో ఎవురికన్నా దయ్యం పట్టిందంటే, "ఈ కరువులో దానికి మీరే దొరికినారా" అని ఎగతాళి చేసేదాన్ని. ఇప్పుడూ నమ్మను. అయినా జరిగింది జరిగినట్టు చెప్తాను, మీరేమన్నా అనుకోండి.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు ఎనకాల పొయ్యి పెట్టుకోని బొగ్గుతో నడిచేవి. మా ఇంటాయన చిత్తూరు బస్సుకు డ్రైవరు. మధ్యాన్నం బస్సు మా ఇంటి ముందర ఆగేది. ఆయన సంగటి తిని లేస్తానే బస్సు ముందర లైట్లు తుడిచే పని. మసి, దుమ్ము పట్టి అద్దాలు మసకబారి ఉండేవి. నీళ్లు మాత్రం తాకనిచ్చేవాడు కాదు. లోపలికి దిగితే ఎనకుండే వెండిపూత నల్లబడతాదంట. జల్లించిన బూడిదతో రుద్ది, నోరు దగ్గిర పెట్టి హా అని ఊదేవాడు. ఆ ఆవిరి ఆరేలోపల నేను పాత పంచె గుడ్డతో తుడవాల.

"తొందరగా తుడుమే, నా ఊపిరంతా దీనికే అయిపోతాది" అని నవ్వేవాడు. ఆవిరి కనపడితే చాలు, నా చెయ్యి దానంతట అదే పోయేది. నడివేసవి కత్తిరి ఎండల్లో మాత్రం అద్దం కాలిపోతా ఉంటాది, ఎంత ఊదినా ఆవిరి పట్టదు. ఆ దినాల్లో ఒట్టి బూడిదే.

ఆ ఏడు పెండ్లివాళ్లను తీసకపోయి, సత్యవేడులో వాంతిబేది తగిలి పోయినాడు. ఆ రోగమంటే అందరికీ భయం, ఆడనే కాల్చేసినారు. నాకు కబురొచ్చేసరికి అంతా అయిపోయింది. మొగం గూడా చూడలే. చూడంది ఎట్ల నమ్మేది? ఒక్కసారి కనపడి పోతే చాలు సామీ అని ఏడ్చినాను.

బస్సుకు డ్రైవరుగా ఆయన స్నేహితుడు ఖాదర్ బాషా వచ్చినాడు. బస్సు ఆగితే నేను గుడ్డ తీసుకోని పోయేదాన్ని. మొగుడు పోయిన ఆడది బస్సుకు ఎదురు నిలబడితే అపశకునమని జనం గొణిగినారు. "మా వదిన తుడవందే ఈ బండి కదలదు, ఇష్టముంటే ఎక్కండి" అన్నాడు ఖాదర్.

కత్తిరి నడిమధ్యలో ఒకనాడు. ఎక్కేవాళ్లంతా నీడకు పోయినారు. ఖాదర్ బస్సు ఎనకాల బొగ్గు పొయ్యి కాడ ఉండాడు. నేను కుడి లైటు బూడిదతో రుద్ది తలెత్తితే, అద్దం నడుమ అరచెయ్యంత ఆవిరి కమ్ముకోని ఉండాది. నేను ఊదలే.

అయ్యో, నా చెయ్యి! బుద్ధికి తెలిసేలోపల తుడిచేసింది. గుడ్డ చెంపకు ఆనించుకుంటే తడిగా తగిలింది.

ఎడమ లైటు కాడికి పరిగెత్తి దాన్నీ రుద్దినాను. గుడ్డ పారేసి, చేతులు ఎనక్కి కట్టుకోని నిలబడినాను. "రావయ్యా, ఇంకోసారి ఊదు, ఈసారి తుడవను" అని పైకే అనేసినాను. ఖాదర్ వచ్చి నన్ను చూసి, కింద పడిన గుడ్డ తీసినాడు. "వదినా, జనం కాసుకోని ఉండారు" అన్నాడు మెల్లగా.

బస్సు కదిలేదాకా ఆ అద్దం ముందర నుంచి జరగలే. ఆవిరి రాలే.

ఎవురికి చెప్పినా ఎండకు కండ్లు చెదిరినాయి అన్నారు. మరి గుడ్డ ఎట్ల తడిసినట్టు? నాకు ఇప్పటికీ తెలీదు. వచ్చింది ఆయనే అయితే మాత్రం, రెండు గడియలు నిలబడనీకుండా నా చేత్తో నేనే పంపించేసినాను గదా.