ఓబులేసు బాణీకి గొర్రెల సాక్ష్యం

దెయ్యాలు, గాలీ ధూళీ అంటే నవ్వే రకం నేను. ఇది చదివి మీరు నన్ను చూసి నవ్వినా నాకు బాధ లేదు. నా కడుపుమంట వేరు.

ప్రొద్దుటూరులో నాకో సెల్‌ఫోన్ రిపేరు అంగడి ఉంది. ఖాళీ దొరికినప్పుడల్లా ఇంటర్నెట్‌లో వీడియో గేముల సంగీతానికి ఉన్న ఒక డేటాబేస్‌లో వివరాలు ఎక్కిస్తుంటాను. ఏ గేములో ఏ బాణీ ఉంది, దాన్ని ఎవరు కట్టారు, ఇదే పని. జీతం లేదు, ఇష్టం కొద్దీ చేస్తాను.

మా పెద్దమ్మ కొడుకు ఓబులేసు జమ్మలమడుగు దగ్గర పల్లెలో గొర్రెలు కాస్తూనే కీబోర్డు నేర్చుకున్నాడు. తర్వాత హైదరాబాదులో ఒక చిన్న గేముల కంపెనీలో చేరాడు. అక్కడ కట్టిన బాణీని నాకు ఫోన్లో వినిపించాడు. మందను మళ్లించేటప్పుడు తాను వేసే ఈలనే సాగదీశానని చెప్పాడు. "తెర మీద నా పేరు పడతాదిమా" అని వాళ్లమ్మకు మాటిచ్చాడు. గేము బయటికి రాకముందే జ్వరమొచ్చి పోయాడు.

గేము వచ్చింది. చివర సంగీతం అన్నచోట కంపెనీ యజమాని పేరుంది. సొమ్మొకడిది, సోకొకడిది. ఒళ్లు మండి డేటాబేస్‌లో ఓబులేసు పేరు ఎక్కించాను. దాన్ని నడిపేవాళ్లు మరునాటికే తీసేశారు. గేము చివర ఏ పేరు పడితే అదే రాయాలట, కాదంటే రుజువు చూపాలట. దొంగ తన పేరు తానే రాసుకుంటే అది రుజువు. చచ్చినవాడి తరఫున నేను చెబితే ఉత్తమాట.

ఆధారం ఏదైనా దొరుకుతుందేమోనని పెద్దమ్మ ఇంటికి పోయాను. ఏమీ దొరకలేదు. వాడి ఫోను, కీబోర్డు హైదరాబాదులోనే పోయాయట. మిట్టమధ్యాహ్నం ఆమె దొడ్డిలో గొర్రెలకు మేత వేస్తోంది. ఆ బాణీ ఒకసారి వింటానని ఆమె అంటే ఫోన్లో పెట్టాను.

గొర్రెలన్నీ మేత వదిలేశాయి. ఫోను వైపు రాలేదు. నన్ను తప్పించుకొని దొడ్డి మూలనున్న బండ చుట్టూ చేరి, తలలెత్తి నిలబడ్డాయి. బండ మీద ఎవరూ లేరు. పాట అయిపోయాక తిరిగి మేతకు వచ్చాయి.

"వాడు కూర్చోని ఈలేసే బండప్పా అది" అంది పెద్దమ్మ.

"పాత అలవాటేమోలే పెద్దమ్మా."

"అలవాటేంది? వాడు పోయి నెల తిరక్కుండానే వాని మందను అమ్మేస్తిమి. ఇవి మొన్న పులివెందుల సంతలో కొనుక్కొచ్చినవి. వాణ్ని యాడ సూసినాయి ఇవి?"

వేరే గేముల పాటలు పెట్టి చూశాను. ఒక్క గొర్రె కూడా తల ఎత్తలేదు. మళ్లీ ఓబులేసు బాణీ పెట్టాను. మళ్లీ ఆ బండ దగ్గరికే పోయాయి. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

వీడియో తీసి డేటాబేస్ వాళ్లకు పంపాను. జంతువుల ప్రవర్తనను ఆధారంగా తీసుకోలేమని మర్యాదగా జవాబిచ్చారు. ఆ మర్యాదకే నాకు శానా మండింది.

పెద్దమ్మ ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. "వాని పేరు ఎక్కిచ్చినారా నాయనా?"

"ఇంకా లేదు పెద్దమ్మా."

"గొర్రెలకు తెలిసె. వాళ్లకేం రోగం?"

ఆ గొర్రెలు ఎవరిని చూసి తలెత్తాయో నాకు ఇవాళ్టికీ తెలియదు. వాడి పేరు ఉండాల్సిన చోట యజమాని పేరు ఎందుకుందో మాత్రం బాగా తెలుసు.